పాడెల్: గోడతో ఒంటరిగా ఆడితే ఆట వస్తుందా, పాడవుతుందా?

పాలకొల్లు పిల్లోడు:
మా ఊళ్లో పాడెల్ (చుట్టూ అద్దాల గోడలున్న కోర్టులో ఆడే టెన్నిస్ లాంటి ఆట) ఆడేవాళ్లు ఎవరూ దొరకరు. హైదరాబాద్ వెళ్లినప్పుడే కోర్టు మొహం చూసేది. ఇక్కడ రోజూ సాయంత్రం రైస్ మిల్లు గోడౌన్ గోడకి బంతి కొడుతున్నాను. టెన్నిస్ ఆడే మా బావ "దానివల్ల ఉన్న ఆట కూడా పోతుందిరా" అంటున్నాడు. ఏమంటారు?

తణుకు మాస్టారు:
మీ బావగారితో నేను ఏకీభవిస్తాను. పాడెల్‌లో గోడ మన వెనకాల, పక్కన ఉంటుంది. మీరు కొట్టేది ఎదురు గోడకి. అవతలి వాళ్ల బంతి నేల మీద పడి, వెనక అద్దానికి తగిలి ముందుకు వచ్చేదాకా ఆగడమే ఈ ఆటలో సగం విద్య. ఎదురు గోడ మీకు తొందర నేర్పుతుంది.

కోనసీమ కుర్రాడు:
ఆయ్, నెట్ దగ్గర ఆ తొందరే కావాలండీ! గోడకి దగ్గరగా నిలబడి, బంతి కింద పడకుండా ఒకటి ఫోర్‌హ్యాండ్, ఒకటి బ్యాక్‌హ్యాండ్ ఆడి చూడండి. చేతిపట్టు మార్చే టైం ఉండదు. వాలీకి ఇంతకంటే మంచి ప్రాక్టీసు ఏముంది?

భీమవరం బాబాయ్:
ఇద్దరూ గోడని ఎదురుగానే పెట్టుకుని వాదిస్తున్నారు. వెనక్కి పెట్టుకో అబ్బాయ్. గోడకి రెండు మూడు మీటర్ల ముందు పక్కకి తిరిగి నిలబడు. ఎడం చేత్తో బంతిని వెనక్కి విసురు. నేల మీద పడి, గోడకి తగిలి, నిన్ను దాటి ముందుకు వస్తుంది. అప్పుడు, నడుము కంటే కిందికి దిగాక కొట్టు. ఎదురుగా రొయ్యల చెరువు మీద పక్షులు వాలకుండా కట్టే వల ఒకటి వేలాడదీస్తే బంతులు ఏరుకునే పని తప్పుతుంది. మన వైపు ఆ పాత వలలకి కరువా!

సర్వీస్‌కైతే తోడే అక్కర్లేదు. మిల్లు కళ్లంలో 90 సెంటీమీటర్ల ఎత్తున తాడు కట్టు (నెట్ మధ్యలో 88, చివర్లలో 92). అక్కణ్నుంచి 6.95 మీటర్ల దూరంలో గీత గియ్యి. గీత వెనక బంతిని నేలకి కొట్టి, నడుము ఎత్తు దాటకుండా ఆడి, అవతల ఐమూలగా ఉన్న గడిలో పడెయ్యాలి. ఆ గడి వెడల్పు 5 మీటర్లు.

తణుకు మాస్టారు:
సర్వీస్ సంగతి ఒప్పుకుంటాను. కానీ సిమెంటు గోడ అద్దం కాదు కదండీ. గరుకు గోడకి తగిలిన బంతి ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, పైన నూగు కూడా తొందరగా పోతుంది.

భీమవరం బాబాయ్:
నున్నగా పూత వేసిన గోడ చూసుకోమనండి. కొత్త టెన్నిస్ బంతి మాత్రం వద్దు, ఎక్కువ ఎగురుతుంది. కొంచెం గాలి తగ్గిన పాతది పాడెల్ బంతికి దగ్గరగా ఉంటుంది.

పాలకొల్లు పిల్లోడు:
రేపే వల కడతాను బాబాయ్. మరి బాండేహా? లాబ్‌కి, అంటే అవతలి వాళ్లు మన తల మీదుగా ఎత్తి కొట్టిన బంతికి, వెనక్కి జరుగుతూ తల మీంచి కోసి కొట్టేది?

తణుకు మాస్టారు:
అదే నేను చెప్పేది. మీరే ఎగరేసుకున్న బంతి ఎక్కడ దిగుతుందో మీకు ముందే తెలుసు. ఆ ఒక్కదానికైనా మీ బావగారిని బతిమాలుకోండి.