గుమ్మం మీద మట్టి గూడు: రాల్చేయాలా, ఉండనివ్వాలా?

గడపముందు
నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే పంచాయితీ. మీరైనా తేల్చండి. వీధి గుమ్మానికి సరిగ్గా పైన, చూరు గోడకు ఆనే మూలలో ఒక జంట మట్టితో గూడు కడుతోంది. పిచ్చుకంత పిట్ట. వీపు నీలం మెరిసే నలుపు, తోక మొదట్లో తెల్లటి పట్టీ, పొట్టంతా తెలుపు. కాళ్ల మీద కూడా తెల్లటి నూగు, మేజోళ్లు తొడుక్కున్నట్టు. ముక్కున ఇంత బురద ఉండ కరుచుకొస్తుంది, అంచు మీద పెట్టి అదుముతుంది, వెళ్లిపోతుంది. వెంటనే రెండోది వస్తుంది. ఇవాళ పెట్టిన వరస తడి రంగులో, నిన్నటిది ఆరి తెల్లబడి, గూడంతా చారలు చారలుగా ఉంది. సగం గిన్నె అయింది.

కింద గచ్చంతా మట్టి, రెట్ట. మా ఆయన "ఇంకా గుడ్లు పెట్టలేదుగా, ఇప్పుడే చీపురుకర్రతో రాల్చేస్తే పాపం కూడా అంటదు" అంటున్నారు. అత్తగారికి ఉబ్బసం. నాకేమో మనసొప్పడం లేదు. కానీ రోజూ గచ్చు కడిగేది కూడా నేనే. ఏం చేయమంటారు?

పుల్లాపుడకా
మీరు చెప్పిన తెల్ల పట్టీ, నూగు కాళ్లు చూస్తే అది హౌస్ మార్టిన్ అండీ. వానకోయిలల కుటుంబమే. మామూలు వానకోయిల గూడు పైన తెరిచిన దోసిలిలా ఉంటుంది, ఎక్కువగా కప్పు కింద లోపల దూలాల మీద కడుతుంది. మార్టిన్ బయట గోడకే కడుతుంది, చూరు దాకా మూసేసి పై అంచున తను దూరేంత సందు మాత్రం వదులుతుంది. ఒకప్పుడు కొండ చరియలకు కట్టుకునేది, మనం గోడలు లేపాక చూరు నచ్చింది.

మీ వారితో ఒక్క మాట చెప్పండి. ఆ గూటికి వెయ్యి దాకా బురద ఉండలు పడతాయి. ఒక్కో ఉండకు ఒక ప్రయాణం. ఆ పిట్ట బరువు ఇరవై గ్రాముల లోపే. చలికాలం ఆఫ్రికాలో గడిపి, సహారా దాటి వచ్చి ఈ పని మొదలెట్టింది. గుడ్లు లేవు కాబట్టి నష్టం లేదనడం కుదరదు. ఇప్పుడు రాలిస్తే మళ్లీ మొదటినుంచి కట్టాలి. మామూలుగా ఒక వేసవిలో రెండుసార్లు పిల్లల్ని లేపే పిట్ట ఒక్కసారితో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

బాల్కనీ_బాధితుడు
పాపం, పుణ్యం అనేవాళ్లంతా మా బాల్కనీలో ఒక్క వారం ఉండి చూడండి. నేనూ మొదట్లో "అయ్యో" అన్నవాడినే. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక పావురం నాలుగు పుల్లలు పడేసి రెండు గుడ్లు పెట్టింది. పోనీలే, నెలన్నర ఓర్చుకుందాం అనుకున్నా. పద్దెనిమిది రోజులకు పిల్లలు. అవి ఎగరకముందే పక్కనే ఉన్న కుండీలో మళ్లీ రెండు గుడ్లు! అలా ఏడాదిన్నర. బట్టలు ఆరేయలేం, కిటికీ తీయలేం. మెకానిక్ యూనిట్ విప్పితే లోపలినుంచి బకెట్టు నిండా ఎండు రెట్ట.

అక్కా, మీ ఆయన చెప్పిందే కరెక్ట్. ఏదైనా చేయాలంటే మొదటి గుడ్డుకు ముందే, ఆ తర్వాత మీ చేతిలో ఏమీ ఉండదు. ఇంటి వాయిదాలు కట్టేది మనం.

పుల్లాపుడకా
అన్నా, మీ బాధ నిజమే గానీ మీరు పావురం కోపం మార్టిన్ మీద తీరుస్తున్నారు. పావురం దాదాపు ఏడాది పొడుగునా పిల్లల్ని పెడుతుంది. గొంతు సంచిలో ఊరే పాలతో పెంచుతుంది కాబట్టి పురుగుల కాలం దాకా ఆగాల్సిన పనే లేదు. మార్టిన్‌కు గాల్లో ఎగిరే పురుగే దిక్కు. పురుగులు తగ్గగానే మూటాముల్లె సర్దుకుని పోతుంది. ఒకటి బంధువు, ఇంకోటి అద్దె ఎగ్గొట్టి తిష్ట వేసినవాడు. రెండింటికీ ఒకే తీర్పేంటి?

మొండివాదం
బంధువూ కాదు, అద్దెకున్నవాడూ కాదు. ఈ పోలికలతోనే చర్చ పక్కదారి పడుతుంది. ముందు చట్టం చూసుకోండి. బ్రిటన్‌లో 1981 నాటి చట్టం ప్రకారం వాడుకలో ఉన్న గూడే కాదు, కడుతున్న గూటిని కావాలని చెడగొట్టినా నేరమే. "గుడ్లు లేవుగా" అన్న మాట అక్కడ చెల్లదు. అమెరికాలో వలసపక్షుల చట్టం 1918 నుంచీ ఉంది. మీరుండే చోట ఏముందో తెలుసుకోకుండా చీపురుకర్ర ఎత్తొద్దు.

ఒక తమాషా చెప్తా. ఆ అమెరికా చట్టం పరిధిలోకి పావురం, ఊరపిచ్చుక రావు, బయటినుంచి తెచ్చి వదిలినవని. అదే ఊరపిచ్చుక బ్రిటన్‌లో ఆందోళనకరంగా తగ్గిపోతున్న పక్షుల ఎర్ర జాబితాలో ఉంది. హౌస్ మార్టిన్ కూడా 2021లో అదే జాబితాకెక్కింది.

బాల్కనీ_బాధితుడు
చూశారా! చట్టానికే పావురం మీద జాలి లేదు 😄

కుండీలో_తోట
"దోమల్ని తింటాయి, ఉంచుకోండి" అని ఎవరో ఒకరు వచ్చి అంటారనే ముందే రాస్తున్నా. మార్టిన్ పగటిపూట ఎత్తున ఎగురుతూ చిన్న ఈగలు, రెక్కలొచ్చిన పేనుబంక పురుగులు లాంటివి పట్టుకుంటుంది. మనల్ని కుట్టే దోమలు ఎక్కువగా బయటికొచ్చేది చీకటి పడే వేళకి. దాన్ని దోమల మందు అనుకుని ఉంచుకుంటే, దోమలు తగ్గలేదని వచ్చే ఏడాది మీరే పీకేస్తారు. ఉంచాలనిపిస్తే ఊరికే ఉంచండి. లాభం లెక్క ఎందుకు?

మాస్కు_మర్చిపోవద్దు
ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగంలో పని చేస్తాను. అత్తగారి సంగతి ఎవరూ ఎత్తలేదని రాస్తున్నా. పావురాల దగ్గర ఏళ్ల తరబడి ఉండేవాళ్లలో కొందరికి ఆ రెట్ట, ఈకల ధూళి పడక ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది, అది నిజం. ఎండు రెట్ట గుట్టల్లో పెరిగే బూజు నుంచి వచ్చే జబ్బులూ ఉన్నాయి. అయితే అసలు గొడవ ఎండిపోయి, పోగుపడి, పొడిగా లేచే రెట్టతో. గోడ బయట ఒక జంట వేసే రెట్ట రోజూ తడిపి కడిగేస్తుంటే ఆ స్థాయికి పోదు.

ఎప్పుడూ పొడి చీపురుతో ఊడవద్దు. ముందు నీళ్లు చల్లండి, చేతులకు తొడుగులు, ముక్కుకు ఎన్95 మాస్కు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పని చేయకూడదు, దగ్గర నిలబడకూడదు. వీలైతే ఆవిడ వేరే గుమ్మం వాడితే మంచిది. బాల్కనీ అన్నా, మీరు ఆ బకెట్టు తీసినప్పుడు మాస్కు పెట్టుకున్నారా?

బాల్కనీ_బాధితుడు
లేదు. తువ్వాలు కట్టుకున్నా.

మాస్కు_మర్చిపోవద్దు
తువ్వాలు చాలదు. పొడి దగ్గు గానీ, మెట్లెక్కితే ఆయాసం గానీ ఉంటే డాక్టరుకు చూపించుకుని పావురాల విషయం కూడా చెప్పండి. మనం చెప్పకపోతే వాళ్లకు తట్టదు.

రాత్రిపూట_చదువరి
నేను రాల్చమనే పక్షం కాదు, కానీ ఉంచేవాళ్లకూ ఒక మాట. వేలాడే కుండీలో మా ఇంట్లో పిగిలిపిట్ట గూడు పెట్టింది. గులాబీ చాయ గుడ్లు మూడు, వాటి మీద కుంకుమ చిలకరించినట్టు మచ్చలు. నీళ్లు పోయడం మానేశా, మొక్క ఎండినా సరే అనుకున్నా. అంతవరకు బాగానే ఉంది. వీడియో సరిగ్గా రావడం లేదని అడ్డంగా ఉన్న రెండు ఆకులు తెంపా. రెండే. పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చిన మూడో రోజు పొద్దున పిట్టలు గొంతు చించుకుంటుంటే బయటికొచ్చా. రెయిలింగ్ మీద కాకి ఉంది. గూట్లో ఏమీ లేదు. ఆ వీడియో ఇప్పటికీ ఫోన్లో ఉంది, తీసేయలేదు, మళ్లీ చూడలేదు.

చీపురుకర్ర పట్టినవాడు ఒక్క గూడు పడగొడతాడు. "ముద్దుగా ఉన్నాయి" అంటూ రోజుకు పదిసార్లు తొంగిచూసే మనలాంటివాళ్లు ఎన్ని పడగొట్టామో లెక్క లేదు.

మొండివాదం
ఈ చర్చలో నేను పూర్తిగా ఒప్పుకునే పోస్టు ఇదొక్కటే.

పిల్లపంతులు
మధ్యలో వస్తున్నా, క్షమించాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లను వదిలేస్తుందంటారు, నిజమేనా? మా మెట్ల మీద ఒకటి పడి ఉంది.

పుల్లాపుడకా
చాలా పిట్టల విషయంలో అది అపోహే. ఒంటి మీద ఈకలు లేకపోతే గూడు అందితే తిరిగి అందులో పెట్టేయండి. ఈకలొచ్చి, పొట్టి తోకతో గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. పిల్లినీ కుక్కనీ లోపల కట్టేసి దూరం జరగండి. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉంటాయి. నోట్లో నీళ్లు మాత్రం పోయొద్దు.

గడపముందు గారికి: గూడు కింద గోడకు ఒక పలక బిగించండి, రెట్ట దాని మీద పడుతుంది. గూటికి మరీ దగ్గరగా వద్దు, వేరే పక్షులు దాని మీద నిలబడి గూట్లో వేలు పెడతాయి. గుమ్మం మీదే ఎందుకని మీ వారు అడిగితే, వచ్చే ఏడు అవి రాకముందే ఇంటికి ఇంకో వైపు చూరు కింద రెడీమేడ్ గూళ్లు బిగించమనండి. మార్టిన్లు వాటిలోనూ కాపురం పెడతాయి. గుమ్మం మీద చోటు మూసేయాలనుకున్నా అప్పుడే, గూడు ఖాళీగా ఉన్నప్పుడు.

బాల్కనీ_బాధితుడు
అంటే రాకముందు ఆపడం తప్పు కాదన్నమాట. నేను మొదటినుంచీ చెప్పేది అదే కదా!

పుల్లాపుడకా
మీరు చెప్పింది మొదటి గుడ్డుకు ముందు. నేను చెప్పేది మొదటి బురద ఉండకు ముందు. వల కట్టినా బిగుతుగా కట్టండి, వదులు వలలో పిట్టలు చిక్కుకుని చస్తాయి.

గడపముందు
నెల దాటింది, సంగతి చెప్పకపోతే బాగుండదు. చట్టం మాట చదివి వినిపిస్తే మా ఆయన చీపురుకర్ర దించారు గానీ మొహం మాత్రం దించలేదు. గూడు పూర్తయింది. మొన్న ఆదివారం పొద్దున గడప మీద తెల్లటి గుడ్డు పెంకు సగం ముక్క, నా బొటనవేలి గోరంత. పైనుంచి సన్నగా గీ గీ మంటూ శబ్దం. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. ఏమీ అనలేదు. మధ్యాహ్నానికి పలక, స్క్రూలు పట్టుకొచ్చి తనే బిగించారు. కాస్త వంకరగా ఉంది, నేను ఎత్తి చూపలేదు.

అత్తగారు పక్క గుమ్మం వాడుతున్నారు. గచ్చు తడిపి కడగడం ఇప్పుడు ఆయన వంతు, మాస్కుతో సహా. ఆ మాస్కు కట్టుకుని రోజూ పిట్టల్ని తిడుతూనే కడుగుతారు.

ఖాళీ అయ్యాక గూడు తీసేద్దామని ఆయన, వచ్చే ఏడు పాత గూటికే మరమ్మతు చేసుకుంటాయట ఉంచుదామని నేను. అది ఇంకా తేలలేదు. అవి వెళ్లాక కొత్త చర్చ మొదలెడతా.

బాల్కనీ_బాధితుడు
ఆ చర్చలో నేను మీ ఆయన పక్షం, ఇప్పుడే చెప్తున్నా. మాస్కు అక్కా, డాక్టరుకు చూపించుకున్నా. ఎక్స్‌రే తీశారు, ఊదించి పరీక్ష చేశారు. పావురాల మాట చెప్పగానే రాయడం ఆపి తలెత్తి చూశాడు. వచ్చే వారం మళ్లీ రమ్మన్నాడు.