ఒకే తొట్టి ఉన్న సింక్‌ని తీసి పెట్టుకునే అడ్డుపలకతో రెండు చేసుకోవచ్చా?

అడిగినవారు:
మాది అద్దె ఫ్లాట్. వంటింట్లో స్టీల్ సింక్, ఒకటే తొట్టి. లోపలి కొలత పొడవు 22 అంగుళాలు, వెడల్పు 16, లోతు 9. నీళ్ళు పోయే కన్నం సరిగ్గా మధ్యలో ఉంది. రాత్రి తిన్న కంచాలు, గిన్నెలు పొద్దున పనమ్మాయి వచ్చేదాకా అందులోనే ఉంటాయి. తెల్లారి అత్తయ్యగారు బియ్యం కడగాలన్నా, తోటకూర కడగాలన్నా ఆ ఎంగిలి కంచాల మీదే. ఆవిడకి అది ససేమిరా పడదు. నిజం చెప్పాలంటే నాకూ పడదు. సింక్ మార్చాలంటే గ్రానైట్ కోయాలి, ఓనరు ఒప్పుకోరు. మధ్యలో ఒక అడ్డు పెట్టి, ఒక వైపు అంట్లు, రెండో వైపు నీళ్ళు నిలబెట్టి కూరలు కడుక్కునేలా చేయొచ్చా? దేనితో చేయించాలి?

ఒక సభ్యురాలు:
ఇంత ఆలోచన ఎందుకండీ, ఒక ప్లాస్టిక్ టబ్ పెట్టేసుకోండి. అంట్లు అందులో, మిగతా చోటు మీది.

అడిగినవారు:
అదీ చేశాం అక్కా. కుక్కరు, బాండీ పట్టే టబ్ అయితే సింకంతా అదే ఆక్రమిస్తుంది. చిన్నదైతే కంచాలు బయటే మిగులుతాయి.

స్టీల్ ఫ్యాబ్రికేషన్ పనిలో ఉన్న సభ్యుడు:
అమ్మా, మీరు రెండు వేరువేరు పనులు ఒకే పలకని చేయమంటున్నారు. అంట్లు ఇటు రాకుండా ఆపడం ఒక పని. నీళ్ళు ఆపడం ఇంకో పని. మొదటిది తేలిక, ఏ షాపులోనైనా చేసిస్తారు. రెండోదాని జోలికి వెళ్ళకండి.

ఎందుకంటే, 16 అంగుళాల పలకకి ఒక వైపు 8 అంగుళాల ఎత్తు నీళ్ళు నిలిపితే, ఆ పలక మీద దాదాపు 8 కిలోల తోపు పడుతుంది. ఎత్తు సగానికి, అంటే 4 అంగుళాలకి తగ్గిస్తే తోపు పావు వంతుకి, 2 కిలోలకి వస్తుంది. అప్పుడైనా నీళ్ళు కారకుండా పలక అంచులకి వేసే రబ్బరు సింక్ గోడలకి గట్టిగా పట్టి ఉండాలి. ప్రెస్ చేసిన సింకులకి గోడలు పైనుంచి కిందికి కాస్త లోపలికి వాలి ఉంటాయి, అడుగు మూలలు గుండ్రం, అడుగు కన్నం వైపు వాలు. ఇన్ని వంపుల దగ్గర చుక్క కారకుండా పట్టే పలకని రోజూ తీసి పెట్టడం జరిగే పని కాదు. సిలికాన్ జిగురు పెట్టి అతికించేస్తే కారదు, కానీ తీయడానికీ రాదు. పైగా మీకున్న కన్నం ఒక్కటే. రెండో వైపు నీళ్ళు ఎటు పోవాలి?

కాబట్టి నీళ్ళని వదిలేయండి, గిన్నెల్ని ఆపండి. పలక అడుగున ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచండి. అది నిలబడే చోటు కూడా మధ్య కాదు. సగానికి కోస్తే ఒక్కో వైపు 11 అంగుళాలు వస్తుంది, మన అన్నం కంచాలు 12 దాకా ఉంటాయి, పడుకోవు. ఒక చివర నుంచి 8 అంగుళాల దగ్గర పెట్టండి. కన్నంలో జాలీ కూర్చునే రింగు, అంటే జాలీ కప్లింగ్, 4 అంగుళాలది అనుకుంటే, అది 9 నుంచి 13 అంగుళాల మధ్య ఉంటుంది. అంటే కన్నం పూర్తిగా 14 అంగుళాల వైపే పడుతుంది, పలక దాని మీదికి రాదు, జాలీ ఎప్పుడైనా ఎత్తుకోవచ్చు.

ఇక్కడే అసలు సంగతి. అంట్లు కన్నం ఉన్న పెద్ద వైపు వేయండి. బియ్యం, కూరలు కన్నం లేని చిన్న వైపు. అడుగు వాలు కన్నం వైపే కదా, బియ్యం కడిగిన నీళ్ళు పలక కింద నుంచి అంట్ల వైపు వెళ్ళి పోతాయి. అంట్ల నీళ్ళు ఇటు రావు. తిరగేసి పెడితే ఎంగిలి నీళ్ళన్నీ మీ తోటకూర కింద నుంచి పారతాయి. ఒక్క జాగ్రత్త, జాలీలో మెతుకులు నిండితే నీళ్ళు వెనక్కి తన్ని రెండు వైపులా సమానంగా నిలుస్తాయి. రాత్రి పడుకునే ముందు జాలీ ఒకసారి దులపాలి.

కూరలకి నీళ్ళు నిలవాలి అంటారా, ఆ 8 అంగుళాల వైపు ఒక 7 అంగుళాల స్టీల్ గిన్నె పెట్టుకోండి. ఇప్పుడది కంచాల మీద ఊగదు, సింక్ అడుగునే కూర్చుంటుంది.

అడిగినవారు:
ఇది బాగా అర్థమైంది అన్నా. షాపులో ఏమని చెప్పాలి? యాక్రిలిక్ అయితే చూడ్డానికి బాగుంటుంది అంటున్నారు మావారు.

స్టీల్ ఫ్యాబ్రికేషన్ పనిలో ఉన్న సభ్యుడు:
మీరు గంజి వారుస్తారా, సేమియా వారుస్తారా? అయితే యాక్రిలిక్ వద్దు. వంద డిగ్రీలకి దగ్గరపడేసరికి మెత్తబడి వంకర పోతుంది. స్క్రబ్బరు గీతలకి తొందరగా మసకబారుతుంది. తెల్ల చాపింగ్ బోర్డు కోయించి పెట్టేవాళ్ళున్నారు, చవకే, కానీ ఆ ప్లాస్టిక్ నీళ్ళకంటే తేలిక, జాలీ మూసుకుంటే లేచి తేలుతుంది. ప్లైవుడ్, అల్యూమినియం రెండూ మర్చిపోండి. ఒకటి ఉబ్బుతుంది, ఇంకొకటి చింతపండుకీ గిన్నెల పొడికీ పాడవుతుంది.

తుప్పు తేలిగ్గా పట్టని 304 గ్రేడు స్టీల్ షీటు, 1.2 మిల్లీమీటర్ల మందం చెప్పండి. ఎత్తు 6 అంగుళాలు చాలు. సింక్ అంచు దాకా తీసుకెళ్తే కుళాయి మూతి తిప్పేటప్పుడు తగులుతుంది, బాండీ చేతులు తగులుతాయి. రెండు చివర్లూ ఒకే వైపుకి 2 అంగుళాల మేర మడిపించండి. అప్పుడు పలక తనంతట తానే నిలబడుతుంది, గోడలకి నొక్కి పెట్టే పని లేదు. ఆ మడతల అడుగునే సెంటీమీటరు కాళ్ళు వదిలి, పలక అడుగు అంచు మిగతాదంతా అంత మేర కోయమనండి. పై అంచు తప్పకుండా మడత వేయించాలి, లేదంటే చెయ్యి తెగుతుంది. మొత్తం బరువు ముప్పావు కిలోకి అటూ ఇటూ వస్తుంది, అత్తయ్యగారు కూడా ఒంటి చేత్తో తీయగలరు.

చాలామంది అయస్కాంతం తెచ్చి 304 అవునో కాదో చూస్తారు. చవక రకమైన 202 గ్రేడుకి కూడా అయస్కాంతం అంటుకోదు, అందుకని ఆ పరీక్షతో తేడా తెలియదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే దారి. ఇనప ముక్క ఏదీ దానికి వెల్డింగ్ చేయనివ్వకండి, తుప్పు మరక సింక్‌కి కూడా అంటుతుంది.

కొలత టేపుతో మాత్రం ఇవ్వకండి. గోడలు వాలు కదా, పైన ఒక కొలత, కింద ఒక కొలత వస్తుంది. అట్టముక్క ఒకటి రెండు అంగుళాలు చిన్నదిగా కోసి 8 అంగుళాల గీత దగ్గర నిలబెట్టండి. చివర్లలో చిన్న చిన్న అట్ట పట్టీలు గోడలకి తాకేదాకా జరిపి టేపు వేయండి. మూల గుండ్రం కూడా అందులోనే వస్తుంది. ఆ అట్ట షాపులో ఇచ్చి, చుట్టూ 3 మిల్లీమీటర్లు తగ్గించి చేయమనండి. ఆ సందులో రబ్బరు బీడింగ్, అంటే అంచుకి తొడిగే రబ్బరు పట్టీ, వస్తుంది, అద్దాలు బిగించే షాపుల్లో దొరుకుతుంది.

ఇంకో సభ్యురాలు:
మధ్యలో దూరుతున్నాను. మేం చికెన్, చేపలు కూడా ఇంట్లోనే కడుగుతాం. అడ్డు ఉంటే ఒక వైపు చికెన్, ఒక వైపు కూరలు పెట్టేయొచ్చు కదా?

మొదటి సభ్యురాలు:
అది మాత్రం వద్దమ్మా. కుళాయి కింద చికెన్ కడిగితే తుంపరలు 6 అంగుళాల పలక దాటి గట్టు మీదికి కూడా పడతాయి. కడిగినంత మాత్రాన అందులో క్రిములు చావవు, ఉడికితేనే చస్తాయి. కడగాల్సిందే అనుకుంటే కూరల పని పూర్తయ్యాక, గిన్నెలో నీళ్ళు పోసి ఆ గిన్నెలోనే కడిగి, తర్వాత సింక్, పలక సబ్బుతో తోమండి. బ్లీచింగ్ నీళ్ళు నిలవుంచకండి, స్టీల్‌కి సన్న గుంటలు పడతాయి.

అమెరికాలో ఉంటున్న సభ్యుడు:
మాకు ఇక్కడ తలకిందుల సమస్య. ఇంటితో పాటే రెండు తొట్ల సింక్ వచ్చింది, ఏ దాంట్లోనూ ఇడ్లీ పాత్ర పట్టదు. కొత్తగా కొనేవాళ్ళకి ఒక మాట, మధ్య గోడ సగం ఎత్తులోనే ఉండే సింకులు కూడా దొరుకుతున్నాయి. ఆ పలక పోలికే, కాకపోతే తీయడానికి రాదు.

అడిగినవారు:
అట్ట కోసి రాత్రే పెట్టి చూశాను. కంచాలన్నీ పెద్ద వైపు పట్టాయి, కుక్కరు పట్టలేదు. ఇంకో అనుమానం, మాకు బోరు నీళ్ళు. తెల్ల పొర కడుతుందేమో?

స్టీల్ ఫ్యాబ్రికేషన్ పనిలో ఉన్న సభ్యుడు:
కడుతుంది, ముఖ్యంగా రబ్బరు అంచు దగ్గర. పనమ్మాయి వెళ్ళాక పలక తీసి తుడిచి గోడకి ఆనించి పెట్టండి, సింక్ కూడా ఆరుతుంది. పొర కట్టినచోట నిమ్మచెక్కతో రుద్ది కాసేపాగి కడిగేస్తే పోతుంది, ఇనప పీచు మాత్రం వాడకండి. రబ్బరు లోపల జిగురు పట్టి వాసన వస్తే కడుగుతూ కూర్చోకుండా బీడింగ్ లాగేసి కొత్తది వేయండి, దాని కోసం ఒక అడుగు పొడవు ముక్క ఎక్కువే కొనిపెట్టుకోండి. కుక్కరు సంగతి అంటారా, రాత్రి దానికి విడిగా నీళ్ళు పోసి గట్టు మీదే ఉంచండి. పొద్దున అది తోమేటప్పుడు పలక తీసేస్తే సరి.