చరిత్ర ఎం.ఏ.లో శాసన పఠనాన్ని తప్పనిసరి చేయాలా?

గౌతమీతీరం (చర్చ ప్రారంభం)

మన రెండు రాష్ట్రాల్లోనూ చరిత్ర ఎం.ఏ. చదివే విద్యార్థి, చరిత్ర రచనా పద్ధతుల పేపరులో "శాసనాల ప్రాముఖ్యాన్ని వివరించండి" అనే ప్రశ్నకు నోట్సు చూసి కంఠస్థం చేసిన సమాధానం రాసి, జీవితంలో ఒక్క శాసనాన్నైనా మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి వరకు చదవకుండానే పట్టా అందుకోవచ్చు. డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించే నాకు ఇది సరైన స్థితిగా తోచడం లేదు. కలమళ్ల, అద్దంకి, కుర్క్యాల శాసనాల పేర్లు ఏ పోటీ పరీక్షల అభ్యర్థిని అడిగినా చెబుతాడు. ఆ రాళ్ల మీద ఏముందో చరిత్ర పీజీ విద్యార్థి కూడా చెప్పలేకపోతే ఇద్దరికీ తేడా ఏమున్నట్టు? శాసన పఠనాన్నీ, దానితోపాటు ఒక మూలభాషనూ (పాత ఆధారాలు రాసివున్న భాషను) ఎం.ఏ.లో తప్పనిసరి చేయాలన్నది నా ప్రతిపాదన. అంగీకరించని వారు కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

తొలితరం

నేను అంగీకరించను. ఈ కోర్సులో చేరేవారిలో చాలామంది హెచ్.ఇ.పి. (చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం)లో తెలుగు మాధ్యమంలో డిగ్రీ చేసి, ఇంట్లో తామే మొదటి పట్టభద్రులైనవారు. వారికి ఎం.ఏ. అంటే జూనియర్ లెక్చరర్ పోస్టుకు అర్హత, గ్రూప్-1కు సిద్ధమయ్యే రెండేళ్ల వ్యవధి, ఉండటానికి ఒక హాస్టలు గది. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో చరిత్ర, సంస్కృతి, భూగోళం కలిపి ఒక పేపరుగా 150 మార్కులకు ఉన్నాయి; అందులో ఎవరూ పాత లిపి చదవమని అడగరు. ఉద్యోగం కోసం చదవడాన్ని చిన్నచూపు చూసేవారిలో ఎక్కువమందికి ఉద్యోగం ముందే ఉంటుంది. ఇక శాసనాలు చదవడం చరిత్రకారుడు మల్లంపల్లి సోమశేఖర శర్మగారు ఏ తరగతి గదిలోనూ నేర్చుకోలేదు. ఏ పట్టా లేని ఆయన పండితుల సాహచర్యంలో, స్వయంకృషితో నేర్చుకుని, తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బోధించే స్థాయికి చేరారు. ఇష్టం ఉన్నవారు ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించే విద్యను అందరి మీదా ఒక సెమిస్టరు పేపరుగా రుద్దితే మిగిలేది తప్పిన వారి జాబితా మాత్రమే.

రాతిపలక

తొలితరంగారు చెప్పిన ఆర్థిక పరిస్థితిని కాదనను. అయితే మూలం చదవడం పండితులకు మాత్రమే అవసరమైన విలాసం కాదని చెప్పడానికి రుద్రమదేవి మరణం ఒక్కటి చాలు. ఆమె 1295 ప్రాంతం వరకు పాలించి, మనవడు ప్రతాపరుద్రునికి రాజ్యం అప్పగించిందని పాత చరిత్ర గ్రంథాలు రాశాయి. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి చిన్న శాసనం ఆ కాలక్రమాన్ని తలకిందులు చేసింది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ శివలోకప్రాప్తి కలగాలని ఒక సేవకుడు భూమి దానం చేసినట్టు అందులో ఉంది. కాబట్టి అప్పటికే ఇద్దరూ మరణించారు.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో "రుద్రమ చందుపట్ల వద్ద అంబదేవునితో జరిగిన యుద్ధంలో మరణించింది" అని ఒకే వాక్యం కనిపిస్తుంది. చందుపట్ల శాసనంలో యుద్ధం ప్రస్తావన లేదు, రుద్రమపై తిరుగుబాటు చేసిన కాయస్థ సామంతుడు అంబదేవుని పేరూ లేదు. ఆ సంగతి అంబదేవుడే వేయించిన త్రిపురాంతకం శాసనం నుంచి ఊహించినది. మల్లికార్జునపతిని సప్తాంగాల నుంచి దూరం చేశానని అతడు అందులో గొప్పగా చెప్పుకున్నాడు. రాజనీతిలో సప్తాంగాలంటే స్వామి, అమాత్యుడు మొదలైన, రాజ్యానికి ఉండే ఏడు అంగాలు. వాటిలో స్వామి, అంటే ఏలిక, కూడా ఉన్నాడు గనుక ఇది రుద్రమ మరణాన్ని సూచిస్తుందని శాసన పరిశోధకుడు డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాదించారు. ఆ వాదన బలమైనదనే నా నమ్మకం. కానీ అది వాదన. రాతి మీది వాక్యం కాదు. ఏది సాక్ష్యం, ఏది సాక్ష్యం మీద కట్టిన ఊహ అన్నది విడదీయడమే మన శాస్త్రం నేర్పే పని అయినప్పుడు, రెండు శాసనాలనూ పక్కపక్కన పెట్టి చదవని విద్యార్థికి ఆ విభజన ఎలా తెలుస్తుంది?

తొలితరం

రాతిపలకగారి ఉదాహరణ బాగుంది, కానీ అది నా పక్షానికే ఉపకరిస్తుంది. మీరు ఇప్పుడు మాకు చెప్పినదంతా అచ్చయిన పాఠం ఆధారంగానే చెప్పారు. దాన్ని అర్థం చేసుకోవడానికి మాలో ఎవరికీ పదమూడో శతాబ్దపు లిపి అవసరం పడలేదు. మంచి అధ్యాపకుడు ఇదే పనిని తరగతిలో ఒక గంటలో చేయగలడు. దానికి తప్పనిసరి పేపరు ఎందుకు?

గౌతమీతీరం

లిపి విషయంలో తొలితరంగారి మాట న్యాయమైనదే. దక్షిణ భారత శాసన సంపుటాలు అచ్చులో ఉన్నాయి, పదో సంపుటమైతే పూర్తిగా తెలుగు శాసనాలే. ఎస్టాంపేజీ (శాసనం మీద కాగితం అద్ది తీసిన సిరా ముద్ర) చదవగలగడం ఐచ్ఛికంగా ఉండవచ్చు. అయితే అచ్చు పాఠమైనా దానంతట అది అర్థం కాదు. శక సంవత్సరానికి 78 కలిపితే సరిపోతుందనుకునే విద్యార్థి, మాఘమాసంలో వేసిన శాసనాన్ని ఒక ఏడాది వెనక్కి నెడతాడు. దాక్షారామ శాసనాల్లో అఖండదీపానికి యాభై గొర్రెలు ఇచ్చిన దాత పేరు మనకు పుస్తకాల్లో కనిపిస్తుంది. వాటిని "చేకొని" తన పుత్రపౌత్రికంగా, ఆచంద్రార్కంగా నిత్యం మానెడు నెయ్యి పోస్తానని బాధ్యత వహించిన బోయ (గొర్రెల కాపరి) పేరు, అతని తండ్రి పేరు మూలంలోనే ఉంటాయి. సంగ్రహం రాసేవాడు మొదట వదిలేసేది అతడినే. తొలితరం విద్యార్థులకు తమవంటి వారి పేర్లు దొరికే చోటు అదేనని నేను అనుకుంటాను.

మోటుపల్లి రేవులో 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం సంగతీ అంతే. పాఠ్యపుస్తకం దాన్ని "విదేశీ వాణిజ్యాన్ని ప్రోత్సహించాడు" అన్న మూడు మాటలకు కుదిస్తుంది. శాసనం మాత్రం, గాలివానకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారని చెప్పి, తాను నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోనని మాట ఇచ్చి, చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాల వంటి సరుకులపై సుంకాన్ని పేర్కొంటుంది.

తార్నాక పాఠకుడు

చర్చ అంతా రాళ్ల చుట్టూ తిరుగుతున్నది. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ ఫారసీ పత్రాలున్నాయి, ఆసఫ్‌జాహీల కాలపు దఫ్తర్లు (పాత ప్రభుత్వ రికార్డులు) ఉన్నాయి. హైదరాబాదు రాజ్య పాలనలో 1880లలో ఫారసీ స్థానంలోకి ఉర్దూ వచ్చింది. తెలంగాణ చరిత్ర చదివే పీజీ విద్యార్థికి ఉర్దూ అక్షరాలు రాకపోవడం, తన తాత ఊరి పాత భూమి రికార్డైన సేత్వార్‌ను తాను చదువుకోలేకపోవడం, నా దృష్టిలో చందుపట్ల శాసనం చదవలేకపోవడం కంటే పెద్ద లోటు. తొలితరంగారు ఉపాధి గురించి అడిగారు. భూమి తగాదాల్లో పాత ఉర్దూ కాగితాలు చదివిపెట్టేవారి కోసం నేటికీ జనం వెతుక్కుంటున్నారు. మూలభాష వస్తే కూడు పెట్టదన్న మాట కనీసం ఇక్కడ నిలవదు.

మునేరు

1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథ ఏ దఫ్తరులోనూ సరిగా దొరకదు. 1980లలో స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం సభ్యులు ఊరూరా తిరిగి వారి మాటలను రికార్డు చేశారు కాబట్టి మనకు తెలిసింది. దానం చేయగలిగినవాడే శాసనం వేయిస్తాడు. అందులో బోయ పేరు ఉన్నా అతని మాట ఉండదు. కనుక తప్పనిసరి చేయదలిస్తే మౌఖిక చరిత్రను కూడా అదే వరుసలో పెట్టాలి.

రాతిపలక

తార్నాక పాఠకుడుగారి సూచన, మునేరుగారి సూచన కలిపితే శాసనం, దఫ్తరు, మౌఖిక సాక్ష్యం మూడింటిలో ఏదో ఒకటి విద్యార్థి ఎంచుకునే తప్పనిసరి పేపరు అవుతుంది. దానికి నేను సిద్ధమే. కానీ అసలు చిక్కు పేపరు పేరులో కాదు, పరీక్షలో ఉంది. మూలాధారాల పఠనం అని పేరు పెట్టి, చివరికి "మౌఖిక ఆధారాల ప్రయోజనాలు, పరిమితులు వివరించండి" అని అడిగితే మార్కెట్లో వారం తిరక్కుండానే గైడు వస్తుంది, మనం బయలుదేరిన చోటే ఉంటాం. విద్యార్థి మునుపు చూడని పది పంక్తుల శాసనపాఠాన్నో, ఒక పాత దస్తావేజునో, రెండు పేజీల వాంగ్మూలాన్నో ప్రశ్నపత్రంలోనే అచ్చువేసి, ఇందులో ఏముంది, ఏమి లేదు, దీన్నిబట్టి ఏమి చెప్పవచ్చు అని అడగాలి.

తొలితరం

అలా అడిగితే గైడు పనికిరాదు, అది నిజం. అప్పుడు దాన్ని బోధించగల అధ్యాపకులు ఎంతమంది ఉన్నారో, ఖాళీగా ఉన్న పోస్టులు ఎప్పుడు నింపుతారో కూడా పాఠ్యప్రణాళిక సంఘం అదే సమావేశంలో రాసి ఇవ్వాలి. అది రాసి ఇవ్వకుండా పేపరును తప్పనిసరి చేస్తే నా అభ్యంతరం అలాగే ఉంటుంది.