బెంటో అంటే డబ్బా కాదండీ, లోపలి అన్నం

ప్రశ్న: మా పాప ఎల్‌కేజీకి జపాన్ బెంటో బాక్సు కొందామని చూస్తున్నాను. అది వాళ్ల టిఫిన్ బాక్సేనా? తెలుగులో బెంటోకి సరిపోయే మాట ఏదైనా ఉందా?

జవాబు: మంచి ప్రశ్న అడిగారండీ. టోక్యోలో నిషికసాయ్ వైపు ఉన్నప్పుడు మా అమ్మాయికి మూడేళ్లు రోజూ కట్టిచ్చాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు పలుకు సంగతి. జపాన్ వాళ్లు అనేది ‘ట’ కాదు, దాదాపు మన ‘త’. చివర ఓత్వం సాగుతుంది: బెంతో. మనకి ఇంగ్లీషు మీదుగా వచ్చింది కాబట్టి ‘ట’ అయి కూర్చుంది. ఇక అర్థం. బెంటో అంటే కట్టుకెళ్లే భోజనం. డబ్బా పేరు వేరు, బెంతోబాకో. డబ్బాని విడిగా ‘హాకో’ అంటారు, వెనక చేరేసరికి ‘బాకో’ అవుతుంది. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు అయినట్టే, కూర పక్కన కాయ చేరి కూరగాయ అయినట్టే. మన గసడదవాదేశానికి వాళ్ల దగ్గర ఇలాంటి తోడు ఒకటుందని తెలిసినప్పుడు నాకెంత సంతోషమేసిందో!

అందుకని బెంటోని టిఫిన్ బాక్సు, క్యారేజీ అనడం నాకు సరిగ్గా అనిపించదు. నన్నడిగితే దానికి తగిన మాట సద్ది. చలిది, చల్ది, చద్ది, సద్ది. చలి అన్న మాటలోంచే పుట్టింది, అంటే చల్లారినది. బెంటో కూడా చల్లగా తినడానికే వండేది. వేడివేడిగా పెట్టి మూతేస్తే ఆవిరి నీరై అన్నం పాడవుతుందని, చల్లారాకే మూత పెట్టమని పక్కింటావిడ మొదటి రోజే చెప్పింది. పైన చేతిగుడ్డ చుట్టి ముడేస్తారు. ఆ ముడి చూడగానే నాకు ‘పెద్దల మాట చద్దిమూట’ గుర్తొచ్చింది.

వ్యాఖ్య: అక్కా, సద్ది అంటే నిన్న మిగిలిన అన్నం కదా? బెంటో పొద్దున్నే వండేది. ఎట్లా కుదురుతుంది?

జవాబు: తమ్ముడూ, ఆ అర్థమూ ఉంది, కాదనను. కానీ సద్దుల బతుకమ్మ నాటి సద్దులు తలచుకో. పెరుగు సద్ది, చింతపండు సద్ది, నిమ్మ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది. ఏవీ నిన్నటివి కావు, ఆ రోజు కలిపినవే. ఇంట్లో కలిపి, గిన్నెలకెత్తి, చెరువు గట్టు దాకా పట్టుకెళ్లి, ఆట అయ్యాక పంచుకుని తింటారు. పొలానికి సద్ది కట్టుకుని పోవడమన్నా అంతే. పోతన భాగవతంలో గోపబాలురు కృష్ణుడితో కలిసి తిన్న చల్దులూ ఇంటి నుంచి మోసుకెళ్లినవే. మాటలో ‘నిన్న’ కన్నా ‘వెంట’ అన్న భావమే నాకు ఎక్కువగా వినిపిస్తుంది.

ఇక కొనడం సంగతి, మొదట అడిగినవారికి. జపాన్‌లో డబ్బా మీద కొలత మిల్లీలీటర్లలో ఉంటుంది. మూడు వంతులు అన్నం, ఒక వంతు గుడ్డో చేపో పప్పుగింజలో, రెండు వంతులు కూరగాయలు సర్దితే, ఎన్ని మిల్లీలీటర్ల డబ్బా అయితే సుమారు అన్ని కేలరీల భోజనమని వాళ్ల లెక్క. ఎల్‌కేజీ పాపకి 300 చాలండీ. పెద్దవాళ్లకి 600 నుంచి చూసుకోవచ్చు. పెద్ద డబ్బా కొంటే లోపల ఖాళీ మిగిలి, స్కూల్‌కి చేరేసరికి అన్నీ కలగాపులగం అవుతాయి. నిండుగా, కదలకుండా సర్దడంలోనే ఉంది పనితనం.

మన వంటకి అన్నీ పనికిరావు. అకితా ప్రాంతంలో సుగి అనే చెట్టు పలకని వంచి చేసే మగెవప్పా డబ్బాలు చూడముచ్చటగా ఉంటాయి, అన్నంలోని చెమ్మని పీల్చుకుంటాయి కూడా. కానీ పూత లేని చెక్కకి పసుపు, నూనె అంటితే వదలవు. పాతకాలం అల్యూమినియం డబ్బాల్లో ఉమెబోషి (ఉప్పులో ఊరేసిన పుల్లటి కాయ) పులుపు మూతనే తినేసేది. మన ఆవకాయ అంతకన్నా తక్కువదా? నేనైతే స్టీలుదే తీసుకోమంటాను, చుట్టూ రబ్బరు, నాలుగు వైపులా గొళ్లేలు ఉన్నది. ఆ రబ్బరు ఊడొస్తుందో లేదో కొట్లోనే చూసుకోండి. నేను చూసుకోకుండా కొన్న మొదటి డబ్బాలో రబ్బరు కింది గాడిలో పప్పు పసుపు గీతలా చేరి, ఎంత తోమినా ఇంగువ వాసన పోలేదు. పాప మూత తీయగానే ముక్కు ముడిచేది, పాపం.

వ్యాఖ్య: వాళ్ల అన్నం చల్లారినా మెత్తగానే ఉంటుంది, మన సోనా మసూరి పలుకులైపోతుంది. అదెందుకు అక్కా?

జవాబు: వాళ్ల పొట్టి బియ్యంలో అమైలోజ్ అనే పిండిపదార్థం తక్కువ, అందుకే చల్లారినా త్వరగా గట్టిపడదు. మనవాళ్లు పెరుగూ, చింతపండు పులుసూ, నువ్వుల నూనె పోపూ పట్టించి సద్ది చేసింది ఆ పలుకు విరగడానికి కూడా అనుకుంటాను. రేపు పొద్దున మా అమ్మాయికి నువ్వుల సద్దే. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, డబ్బా 300 నుంచి 700కి పెరిగింది.