గాల్వెస్టన్‌లో తీరం దగ్గరి చార్టర్ చేపల వేట: కొత్తవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు ఒకే బోటులో వెళ్తుంటే ఏం చూసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. జూన్ రెండో వారంలో హ్యూస్టన్ నుంచి ఆరుగురం గాల్వెస్టన్ వెళ్లి చార్టర్ బోటు (కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చేది) మాట్లాడుకుందామనుకుంటున్నాం. ఇద్దరికి లేక్ కాన్రోలో బాస్ అనే మంచినీటి చేప వేట బాగా అలవాటు, సముద్రం మాత్రం కొత్త. ఇద్దరు ఇంతవరకు గాలం ముట్టుకోలేదు. ఇంకా మా పన్నెండేళ్ల అబ్బాయి, ఇండియా నుంచి వచ్చిన మా మామయ్యగారు (68 ఏళ్లు). రెడ్ స్నాపర్, కింగ్ మాకెరల్ పట్టాలని ఆశ. బోటు ఎలా ఎంచుకోవాలి? లైసెన్సులు ఎవరెవరికి కావాలి? ఏమేం తీసుకెళ్లాలి?

సమాధానం (బోటు గురించి)

డబ్బు కట్టకముందే కెప్టెన్‌కి ఫోన్ చేసి మాట్లాడండి. మొదట అడగాల్సింది బోటుకి రీఫ్ చేపల (స్నాపర్ లాంటివి) ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, చార్టర్ పర్మిట్ ఉందా లేదా అని. మీరు పట్టిన స్నాపర్ ఇంటికొస్తుందా, నీళ్లలోకి పోతుందా అన్నది దీని మీదే ఉంటుంది.

టెక్సస్ రాష్ట్ర జలాలు తీరం నుంచి 9 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 16.7 కిలోమీటర్లు. అక్కడ రెడ్ స్నాపర్ మామూలుగా ఏడాది పొడవునా పట్టొచ్చు. మనిషికి 4, ఒక్కోటి కనీసం 15 అంగుళాలు. ఆ గీత దాటితే ఫెడరల్ జలాలు. అక్కడ మనిషికి 2, కనీసం 16 అంగుళాలు, అదీ సీజన్ ఉన్నప్పుడే. చార్టర్ బోట్లకు సీజన్ జూన్ 1న మొదలవుతుంది, ముగిసే తేదీ ఏటా మారుతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫెడరల్ పర్మిట్ లేని బోటు 9 మైళ్లు దాటి స్నాపర్ ఉంచుకోకూడదు. ఫెడరల్ పర్మిట్ ఉన్న బోటు, ఫెడరల్ సీజన్ మూసేశాక, రాష్ట్ర జలాల్లో కూడా ఉంచుకోకూడదు. జూన్ రెండో వారం కాబట్టి మీకు రెండు దారులూ తెరిచే ఉంటాయి. పర్మిట్ లేని బోటైతే లోపలే ఉండి మనిషికి 4 తెచ్చుకోవచ్చు, కానీ గాల్వెస్టన్ ఎదుట 9 మైళ్ల దగ్గర లోతు సుమారు 40–60 అడుగులే, పెద్ద స్నాపర్ తక్కువ. పర్మిట్ ఉన్నదైతే ఇంకా దూరం పోయి పెద్దవి పట్టొచ్చు, మనిషికి 2 మాత్రమే. ఫెడరల్ పర్మిట్ బోటులో కెప్టెన్, డెక్‌హ్యాండ్ (బోటులో సహాయకుడు) తమ వాటా స్నాపర్ అంటూ మీ లెక్కలో కలపడానికి కూడా వీల్లేదు. అలా కలుపుతాననేవాడి బోటు ఎక్కకండి.

మనుషుల లెక్క కూడా చూసుకోండి. చిన్న చార్టర్ బోట్లు ఆరుగురు ప్రయాణికులకే. చంటిపిల్లైనా లెక్కలోకే వస్తుంది. మీరు సరిగ్గా ఆరుగురు, కాబట్టి ఆఖరి నిమిషంలో ఇంకొకరిని కలుపుకోలేరు.

పెద్దాయన వస్తున్నారు కాబట్టి నీడ ఉందా, టాయిలెట్ ఉందా, కూర్చోవడానికి వీపు ఆనే సీటు ఉందా అడగండి. బే (తీరం లోపలి నెమ్మది నీళ్లు) కోసం చేసిన 22–24 అడుగుల బోటుని కూడా కొందరు తీరం దగ్గరి ట్రిప్పుకి తిప్పుతారు. వాటి అంచులు తక్కువ, అలల మీద గట్టిగా కొడుతుంది. అది జెట్టీల (సముద్రంలోకి కట్టిన రాతి గోడలు) దాకా బాగుంటుంది, బయటికి వద్దు. చెప్పిన ధరలో ఇంధనం, ఎర, ఐసు, చేపలు కోసివ్వడం కలిసి ఉన్నాయో లేదో మెసేజ్‌లో రాయించుకోండి. డెక్‌హ్యాండ్ టిప్పు 15–20 శాతం, అది వేరు.

సమాధానం (లైసెన్సులు)

ఫ్లోరిడాలో చార్టర్ బోటు లైసెన్సే ప్రయాణికులకూ సరిపోతుంది. టెక్సస్‌లో అలా కాదు, ఎవరి లైసెన్స్ వాళ్లదే. ఫ్లోరిడా వెళ్లొచ్చిన స్నేహితులు చెప్పింది విని ఉత్తచేతులతో వచ్చేస్తుంటారు.

ఏడాది లైసెన్స్ లేనివాళ్లు ఒక్కరోజు ఆల్ వాటర్ (మంచినీటికీ ఉప్పునీటికీ) లైసెన్స్ తీసుకుంటే చాలు. నివాసులకు 11 డాలర్లు, బయటివాళ్లకు 16. మామయ్యగారు విజిట్ మీద వచ్చారు కాబట్టి 16ది తీసుకోవాలి. వయసు మినహాయింపు ఆయనకు రాదు, అది 1931 జనవరి 1కి ముందు పుట్టిన టెక్సస్ వాసులకే. అబ్బాయికి 17 నిండలేదు కాబట్టి అక్కర్లేదు, కానీ అతని వాటా చేపలు అతనికి ఉంటాయి.

బాస్ వేటగాళ్లిద్దరూ తమ లైసెన్స్ ఒకసారి తీసి చూసుకోవాలి. అది మంచినీటి వేటకి మాత్రమే తీసుకున్నదైతే ఉప్పునీటి ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) కొనాలి, 10 డాలర్లు. టెక్సస్ లైసెన్స్ సంవత్సరం సెప్టెంబర్ 1న మారుతుంది, నియమాలూ అప్పుడే మారుతుంటాయి. వెళ్లే వారం రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పేజీలో కొలతలు, సంఖ్యలు మళ్లీ సరిచూసుకోండి.

అడిగినవారు

చాలా వివరంగా చెప్పారు, థాంక్సండీ. మామయ్యగారికి కారు ప్రయాణంలోనే తల తిరుగుతుంది. బోటు ఎక్కించొచ్చా? అలలు ఎంతుంటే వద్దనుకోవాలి?

సమాధానం (అలలు, వాంతులు)

ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతారండీ. ముందురోజు సాయంత్రం జాతీయ వాతావరణ సేవ ఇచ్చే సముద్ర సూచనలో అల ఎత్తుతో పాటు రెండు అలల మధ్య సెకన్లు కూడా చూడండి. 2 అడుగులు, 6 సెకన్లు అంటే ఊయలలా ఉంటుంది. 4 అడుగులు, 4 సెకన్లు అంటే ప్రతి అలకీ బోటు కొట్టుకుంటుంది. సెకన్ల సంఖ్య అడుగుల సంఖ్యకి కనీసం రెట్టింపు ఉంటే మీ బృందానికి ఫరవాలేదు, రెండూ సమానమైతే వాయిదా అడగండి. సూచనలో చెప్పే ఎత్తు మొత్తం అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతుకి సగటు. మధ్యలో ఒకటో రెండో దానికి దాదాపు రెట్టింపు కూడా వస్తాయి. బయల్దేరే రోజు తెల్లవారుజామున 42035 నంబరు బోయ్ (సముద్రంలో తేలే కొలత పరికరం) రీడింగ్ చూడండి. అది గాల్వెస్టన్‌కి తూర్పున 22 నాటికల్ మైళ్ల దగ్గర ఉంది, సూచన కాదు, అప్పటి అసలు కొలత. వేసవిలో మధ్యాహ్నానికి ఉరుముల మబ్బులు లేస్తాయి కాబట్టి పొద్దున్న ట్రిప్పే తీసుకోండి.

మందు వేసుకోవడంలో ఎక్కువమంది చేసే పొరపాటు వాంతి మొదలయ్యాక మింగడం. అప్పటికి అది కడుపులో నిలవదు. మెక్లిజిన్ అయితే ముందురోజు రాత్రి ఒకటి, బయల్దేరే గంట ముందు ఇంకొకటి. పన్నెండేళ్లు నిండినవాళ్లకే అది. మీ అబ్బాయికి నిండాయి, అయినా డాక్టర్ని అడిగి ఇవ్వండి. చెవి వెనక అంటించే స్కోపొలమిన్ పట్టీకి ప్రిస్క్రిప్షన్ కావాలి, కనీసం 4 గంటల ముందు అంటించాలి, అంటించాక చేతులు కడుక్కోవాలి. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే చూపు మసకబారుతుంది. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకు ఈ రెండు మందులూ పడకపోవచ్చు. మామయ్యగారి వయసుకి డాక్టర్‌ని అడగడం తప్పనిసరి. వారం ముందు ఇంట్లో ఒకసారి వేసి చూస్తే మత్తు ఎంత వస్తుందో తెలుస్తుంది.

పొద్దున్న రెండు ఇడ్లీలు చాలు. ఖాళీ కడుపూ వద్దు, పూరీలూ వద్దు. ఆయన్ని బోటు వెనక భాగంలో, మధ్యకి దగ్గరగా, చూపు దిగంతం మీద ఉండేలా కూర్చోబెట్టండి. ముందు భాగంలో ఊపు ఎక్కువ. ఫోన్ చూడనివ్వకండి. వీటన్నిటి తర్వాతా సందేహం ఉంటే జెట్టీల దగ్గర నాలుగు గంటల ట్రిప్పు మాట్లాడుకోండి. రాళ్ల చాటున నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, రెడ్ డ్రమ్, ట్రౌట్, సొరపిల్లలు పడతాయి, పావుగంటలో ఒడ్డుకి తిరిగొచ్చేయొచ్చు. స్నాపర్ ఒక్కటే దొరకదు. బృందంలో అందరికన్నా బలహీనంగా ఉన్నవాళ్లని బట్టే దూరం నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం.

సమాధానం (గాలం, ఎర, బాస్ వేటగాళ్లకి)

బాస్ అలవాటున్నవాళ్లకే సముద్రంలో ఎక్కువ చేపలు తప్పిపోతాయి, ఎందుకంటే చెయ్యి దానంతటదే రాడ్‌ని విసురుగా లాగేస్తుంది. స్నాపర్‌కి సహజమైన ఎరతో సర్కిల్ హుక్కే వాడాలి, అది నియమం కూడా. సర్కిల్ హుక్ మొన లోపలికి తిరిగి ఉంటుంది. విసురుగా లాగితే నోట్లోంచి జారి వచ్చేస్తుంది. చేప కొట్టగానే ఏమీ చేయకండి. రాడ్ కొన నీళ్లవైపు దించి, ఆగకుండా నాలుగైదు చుట్లు రీల్ తిప్పండి. చేప తిరిగి పోతుంటే హుక్ దవడ మూలన జారి అక్కడ దిగుతుంది. బరువు తెలిశాకే రాడ్ ఎత్తాలి. కొత్తవాళ్లకి ఇది తేలిగ్గా వచ్చేస్తుంది, మరిచిపోవాల్సిన పాత అలవాటేదీ లేదు కాబట్టి.

స్నాపర్ రిగ్ (లైన్ చివర కట్టే అమరిక): 60–80 పౌండ్ల మోనో (ఒంటి నైలాన్ తీగ) లీడర్, అంటే హుక్ దగ్గరి గట్టి లైన్, రెండు మూడు అడుగులు, 7/0 సర్కిల్ హుక్, సీసం 6 నుంచి 10 ఔన్సులు, నీటి ఒరవడిని బట్టి. ఎర స్క్విడ్ ముక్క లేదా మల్లెట్ ముక్క. హుక్ మొన బయటికి కనిపించాలి, ముక్కలో పూర్తిగా దాస్తే దిగదు. అడుగు తగిలాక నాలుగైదు చుట్లు పైకి లేపండి. మరీ అడుగున ఉంచితే చిన్న చేపలు ఎర కొరికేస్తాయి, సీసం శిథిలాల్లో ఇరుక్కుంటుంది.

ఆరుగురూ ఒకే బరువు సీసం వేయాలి. దీని మీద నేను గట్టిగా చెప్తాను. ఒకరు 4 ఔన్సులు, పక్కవారు 8 వేస్తే తేలికది ఒరవడికి వాలి పక్కవాళ్ల లైన్ల మీదుగా పోతుంది. ఒక్క చేప తిరిగితే మూడు లైన్లు ముడిపడతాయి, ఇరవై నిమిషాలు విప్పడానికే పోతుంది. సొంత రీల్ మీద బ్రెయిడ్ (పోగులు అల్లిన) లైన్ ఉంటే కెప్టెన్‌కి ముందే చెప్పండి. బ్రెయిడ్, మోనో చిక్కుకుంటే కోయడం తప్ప దారి లేదు.

కింగ్ మాకెరల్‌కి పద్ధతి వేరు. ఇది మన వంజరం వర్గం చేపే, పళ్లు బ్లేడులా ఉంటాయి, మోనో లీడర్ ఒక్క కాటుకి తెగుతుంది. 40 పౌండ్ల సింగిల్ స్ట్రాండ్ వైరు అడుగున్నర, ముందు ఒక హుక్, వెనక 4 నంబరు ట్రెబుల్ (మూడు మొనల హుక్), వాటికి ఎరగా రిబ్బన్ ఫిష్. సీసం లేకుండా బోటు వెనక వదిలేయండి. డ్రాగ్ (చేప లాగితే లైన్ వదిలే రీల్ బిగింపు) 5–6 పౌండ్లే పెట్టండి. మొదటి పరుగు చాలా జోరుగా ఉంటుంది, బిగిస్తే చిన్న హుక్ మెత్తటి నోరు చీల్చుకుని వచ్చేస్తుంది. స్నాపర్‌కి అయితే 30 పౌండ్ల లైన్ మీద 8 పౌండ్ల దాకా బిగించొచ్చు. లాగే తూకంతో ఇంట్లోనే కొలిచి పెట్టుకోండి. టెక్సస్‌లో కింగ్ కనీసం 27 అంగుళాలు, మనిషికి 3.

సర్గాసం నాచు తేలుతున్న రోజు వెనక వదిలిన లైన్లన్నిటికీ అది చుట్టుకుంటుంది. అలాంటప్పుడు ట్రోలింగ్ (బోటు వెనక ఎర లాగడం) మాని అడుగు వేటకే వెళ్లడం మేలు.

సమాధానం (వదిలేయాల్సిన చేప, చేతులు, గాయాలు)

పైవారు చెప్పనిది ఒకటి. లోతు నుంచి పైకొచ్చిన స్నాపర్‌కి కళ్లు ఉబ్బి, నోట్లోంచి గులాబీ రంగు సంచీ ఒకటి బయటికొస్తుంది. అది గాలితిత్తి కాదు, జీర్ణకోశం. దాన్ని పొడవకండి. చిన్నదని అలాగే విసిరేస్తే పైనే తేలి డాల్ఫిన్ల పాలవుతుంది. పెదవికి క్లిప్పు పెట్టి బరువుతో కిందికి దించే డిసెండింగ్ పరికరం బోటులో ఉందా అని ముందే అడగండి. అది లేకపోతే వెంటింగ్ సూది (లోపలి గాలి వదిలే బోలు సూది). పక్క రెక్క మొదలుకి ఒకటి రెండు అంగుళాల వెనక, పొలుసు కింద, 45 డిగ్రీల వాలుగా. అది డెక్‌హ్యాండ్ చేత చేయించండి.

కింగ్ పైకొస్తున్నప్పుడు వైరు చేతికి చుట్టుకోవద్దు, అబ్బాయికి ఇది రెండుసార్లు చెప్పండి. హార్డ్‌హెడ్ అనే మీసాల చేప తరచూ పడుతుంది, మన జెల్ల లాంటిదే. దాని ముల్లు గుచ్చుకుంటే విషం. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచాలి. చర్మం మీద మానని పుండున్నవాళ్లు, షుగరు లేదా లివర్ జబ్బున్నవాళ్లు వేసవి గల్ఫ్ నీళ్లు తగలకుండా చూసుకోవాలి. విబ్రియో అనే బ్యాక్టీరియా గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. గాయం ఎర్రబడి నొప్పి పెరుగుతుంటే మర్నాటి దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అబ్బాయికి సరిపోయే లైఫ్ జాకెట్ ఇంటి నుంచే తీసుకెళ్లండి, పెద్దల సైజు భుజాల మీంచి జారిపోతుంది. సన్‌స్క్రీన్ స్ప్రే వద్దు. డెక్ మీద పడితే కాళ్లు జారతాయి. రాసుకునేది తీసుకెళ్లండి.

అడిగినవారు

ఆఖరి సందేహం. ఇంట్లో పులుసుకి తల, ముక్కలు కావాలంటున్నారు. అక్కడ ఫిల్లే (ఎముక లేని మాంసం పలక) చేసి మిగతాది పారేస్తారని విన్నాను. బోటులోనే కోయించుకోవచ్చా?

సమాధానం

స్నాపర్‌ని బోటులో కోయకూడదండీ, తల, రెక్కలతో చేప చేపగానే ఒడ్డుకి రావాలి. రేవులో కోసే బల్ల దగ్గర చెప్పండి. చెప్పకపోతే రెండు వైపులా ఫిల్లే తీసి తల, ఎముక పెలికాన్‌లకి వేసేస్తారు. "పొలుసు తీసి, పొట్ట శుభ్రం చేసి, మొప్పలు తీసేసి తల ఉంచండి, అడ్డంగా అంగుళం మందం ముక్కలు కొట్టండి" అనండి. కొందరు అడ్డంగా కొట్టరు. అలాగైతే పొలుసు, పొట్ట మాత్రం తీయించుకుని మిగతాది ఇంట్లో చూసుకోండి.

బోటు మీద చేపని ఐసు మీద ఊరికే పెట్టొద్దు. రెండు వంతుల ఐసు, ఒక వంతు సముద్రపు నీరు కలిపిన జావలో ముంచాలి, అన్ని వైపుల నుంచీ చల్లబడుతుంది. కింగ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎండలో ఉంటే మాంసంలో హిస్టమిన్ పెరుగుతుంది, అది ఎంత ఉడికించినా పోదు. తిన్న గంటలోపే మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి.

కింగ్‌లో పాదరసం ఎక్కువ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు తినకూడని చేపల పట్టికలో ఎఫ్‌డీఏ దాన్ని పెట్టింది. అందుకని మీ అబ్బాయి పళ్లెంలోకి స్నాపర్, పెద్దల పులుసులోకి కింగ్ అని రేవులోనే సంచులు విడివిడిగా కట్టించుకోండి. ఇంటికొచ్చాక ముక్కలు కలిసిపోతే ఏది ఏదో గుర్తుపట్టడం కష్టం.