కరెంటు పోయినా ఇంటి ఫోన్ మోగాలంటే బ్యాటరీ ముందా, రెండో నెట్‌వర్క్ ముందా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):
డెబ్బై దాటిన ఇద్దరు మాత్రమే ఉండే ఇల్లు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన ల్యాండ్‌లైన్ ఉంది, కరెంటు పోతే డయల్ టోన్ కూడా పోతుంది. ఇన్వర్టర్ లేదు. స్మార్ట్‌ఫోన్ వాళ్లకు అలవాటు లేదు. ముందుగా ఒక్కదానికే ఖర్చు పెట్టాలంటే మోడెమ్‌కు మినీ యూపీఎస్సా (కరెంటు పోతే మోడెమ్‌ను నడిపే చిన్న బ్యాటరీ డబ్బా), సిమ్ వేసుకునే టేబుల్ ఫోనా?

వోల్టేజీ_అనంత:
మినీ యూపీఎస్సే. పాత రాగి తీగ ఫోన్‌కు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల డీసీ వచ్చేది, అందుకే ఇల్లంతా చీకటైనా మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు మాత్రమే. మోడెమ్ నడిస్తేనే ఫోన్. వాళ్లకు కంఠతా వచ్చిన నంబరు, చేతికి అలవాటైన ఫోన్ అట్లే ఉండడం ఆ వయసులో చాలా ముఖ్యం.

కొనే ముందు మోడెమ్ అడాప్టర్ మీద రాసింది చదవండి. చాలావాటికి 12 వోల్టులు, 1 నుంచి 2 ఆంపియర్లు. యూపీఎస్ వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. జాక్ కూడా చూడండి. లోపలి రంధ్రం 2.5 మి.మీ. ఉన్న జాక్‌ను 2.1 మి.మీ. పిన్నుకు పెడితే వదులుగా కూర్చుంటుంది, ఊడ్చేటప్పుడు వైరు తగిలినా మోడెమ్ ఆగిపోతుంది.

డబ్బా మీద 10,400 ఎంఏహెచ్ (అంటే 10.4 ఆంపియర్ అవర్లు) అని ఉంటే అది లోపలి 3.7 వోల్టుల సెల్స్ లెక్క, 12 వోల్టులది కాదు. 10.4 × 3.7 అంటే దాదాపు 38 వాట్ అవర్లు. మార్పిడిలో పోయేది పోగా 32 మిగులుతుంది. మోడెమ్ 8 వాట్లు తాగితే నాలుగు గంటలు. రెండేళ్ల తర్వాత అంత రాదు.

ఇంకో మాట, కార్డ్‌లెస్ ఫోన్ ఉంటే తీసేయండి. దాని బేస్‌కు కూడా కరెంటు కావాలి. మామూలు వైరు ఫోన్ మోడెమ్ ఫోన్ పోర్టుకు తగిలించండి.

దేవునికడప_కేబుల్:
అన్నా, మీ లెక్క ఇంటి గడప దాకా కరెక్టే. గడప దాటాక? మధ్యలో ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు గానీ, ఆపరేటర్ గదిలో ఉండి ఫైబర్‌లోకి వెలుతురు పంపే ఓఎల్‌టీ అనే మిషన్‌కు కావాలి. ఆ గదిలో బ్యాటరీ దిగిపోయిందంటే మీ మోడెమ్ ఎంత వెలిగినా డయల్ టోన్ రాదు. పైగా ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ పోయేది కరెంటు స్తంభాల మీదే, లోకల్ కేబుళ్లూ చాలాచోట్ల అంతే. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలికి స్తంభం ఒరిగితే కరెంటు, ఫైబర్ రెండూ ఒకేసారి పోతాయి. ఫోన్ అవసరం పడేది సరిగ్గా అప్పుడే. అందుకే నా ఓటు సిమ్ ఫోన్‌కు.

బురుజు_సందు:
సిమ్ ఫోన్ అంటే ఏది దొరికితే అది తెచ్చుకోవద్దండీ. టేబుల్ మీద పెట్టే సిమ్ ఫోన్లలో చాలావరకు 2జీవే. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ వాటిలో పని చేయదు, 4జీ వోల్టీ (4జీ మీదే మాట్లాడే సదుపాయం) అని రాసి ఉన్నది కావాలి. ఫైబర్ ఏ కంపెనీదో సిమ్ ఆ కంపెనీది వద్దు. రోడ్డు తవ్వకాల్లో వాళ్ల మెయిన్ కేబుల్ తెగితే రెండూ కలిసి పడుకుంటాయి. రెండు కంపెనీలు ఒకే టవర్ మీద ఉండడమూ మామూలే, కాబట్టి ఇంట్లో ఏ సిమ్‌కు వేరే టవర్ నుంచి సిగ్నల్ వస్తుందో చూసి తీసుకోండి. రీచార్జి గడువు దాటితే ఔట్‌గోయింగ్ ఆగిపోతుంది, ఆ తేదీ గుర్తు పెట్టుకోవాల్సింది పిల్లలే.

వోల్టేజీ_అనంత:
టవర్‌కూ బ్యాటరీ, డీజిలే కదప్పా ఆధారం. కోత పొడుగయ్యేకొద్దీ అవీ దిగిపోతాయి, ఉన్న టవర్ల మీద ఊరంతా పడుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలులోకి వచ్చిన లాంటి రోజున ఏ ఒక్కదాన్నీ నమ్ముకోలేం. రోజూ వచ్చే ఒకటి రెండు గంటల కోతకు మాత్రం మినీ యూపీఎస్‌ను మించింది లేదు. టేబుల్ ఫోన్ లోపలుండేది చిన్న లిథియం బ్యాటరీ. నలభై డిగ్రీల ఎండలో కిటికీ పక్కన, ఏడాది పొడుగునా చార్జింగ్‌లోనే ఉంచితే ఉబ్బుతుంది.

దేవునికడప_కేబుల్:
ఎండ దెబ్బ మీ యూపీఎస్‌కూ అదే అన్నా. చాలామంది దాన్ని మోడెమ్ నెత్తిన పెడతారు, రెండు వేడులూ కలుస్తాయి. గోడకు విడిగా, నేలకు బాగా ఎత్తున బిగించాలి. మీరన్న గంట రెండు గంటల కోతలో పెద్దవాళ్లు చీకట్లో ఓపిక పట్టి కూర్చోగలరు. రాత్రంతా కరెంటు రాని రోజు 108కి కలవాలి, నా పట్టుదల దాని గురించే.

హంద్రీ_ఒడ్డు:
మినీ యూపీఎస్ పెట్టాక కూడా ఫోన్ రాకపోతే తప్పు ఎక్కడుందో వాళ్లకు ఎట్ల తెలుస్తుంది?

దేవునికడప_కేబుల్:
మోడెమ్ మీద ఎల్‌ఓఎస్ అనే లైటు చూడమనండి. ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదు: కేబుల్ తెగింది, లేదా ఆపరేటర్ వైపు మిషన్ ఆగింది. అది ఆరిపోయి, పాన్ (PON, ఆపరేటర్ మిషన్‌తో లైను కలిసిందని చూపేది) లైటు నిలకడగా పచ్చగా ఉండి, ఫోన్ లైటు మాత్రం రాకపోతే ఇంటి దాకా లైను బాగున్నట్టే, పైన సర్వర్ దగ్గర సమస్య. ఒక్క లైటూ లేదంటే యూపీఎస్ ఖాళీ. ఈ మూడూ పెద్ద అక్షరాలతో రాసి మోడెమ్ పక్కన అతికించండి, కింద 112, 108, కరెంటు ఆఫీసు 1912.

వోల్టేజీ_అనంత:
ఆ కాగితం సంగతి ఒప్పుకుంటా. నెలకోసారి మెయిన్ ఆపి అరగంట ఉంచి, బయటికొక కాల్, లోపలికొక కాల్ చేసి చూడండి.

బురుజు_సందు:
ఇంటి మెయిన్ ఆపితే ఆపరేటర్ గదికి కరెంటు ఉంటుంది కదా, అది సగం పరీక్షే. మరమ్మతుల కోసం ఫలానా ఫీడర్‌కు (ఒక ప్రాంతానికంతా కరెంటు తెచ్చే లైనుకు) సరఫరా ఆపుతామని పేపర్లో వేస్తారు. ఆ రోజు మూడో గంట దాటాక చేసి చూడండి. అప్పటికీ ల్యాండ్‌లైన్ మోగితే సిమ్ ఫోన్ వచ్చే నెల కొనుక్కోవచ్చు. మోగకపోతే ఆ సాయంత్రమే కొనండి.