అప్‌డేట్: కావలి పొలం హద్దు కేసు, అప్పీలులో గెలిచాం

కావలి దగ్గర మా మెట్ట పొలంలో తూర్పు చెక్కను పక్క రైతుకు అప్పగించమని కింది కోర్టు డిక్రీ (తీర్పు ప్రకారం ఇచ్చే ఆదేశం) ఇచ్చిందనీ, అప్పీలుకు 30 రోజులు దాటిపోయాయేమోననీ అప్పట్లో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించిన నకలు) రావడానికి పట్టిన రోజులు గడువులో లెక్కకు రావని ఇక్కడ ఒక అన్నయ్య చెప్పిందే నిజమైంది. కాపీ వెనక స్టాంపులో అప్లికేషన్ పెట్టిన తేదీ, కాపీ రెడీ అయిన తేదీ ఉంటాయి. లాయర్ గారు వాటిని చూసి, డిలే పిటిషన్ (ఆలస్యాన్ని మన్నించమని వేసేది) అక్కర్లేదన్నారు. అయితే అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదట. అందుకే దాని అమలు ఆపమని స్టే పిటిషన్ విడిగా వేశాం. ఆ టెన్షన్ పడ్డవాడికే తెలుస్తుంది.

కేసు తిరిగింది దస్తావేజు మీదే. అందులో తూర్పు హద్దు వాగు అని స్పష్టంగా ఉంది. విస్తీర్ణంలో తేడా ఉన్నా హద్దులకే విలువన్నారు జడ్జి గారు. నేను అంతగా కంగారుపడిన అడంగల్ (పొలం ఎవరి సాగులో ఉందో రాసే రెవెన్యూ రికార్డు) జోలికి పెద్దగా ఎవరూ పోలేదు.

పక్క రైతు వాళ్లు హైకోర్టులో సెకండ్ అప్పీల్ వేస్తామంటున్నారు. దానికి 90 రోజుల గడువుంది కాబట్టి మాకు తెలియకుండా ఆర్డర్ ఇవ్వొద్దని ముందే కేవియట్ వేశాం.